క్లిప్పుల చాటు కాపురం

మణికొండ రోడ్డు మీద ఓ పది నిమిషాలు నడవండి. టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, హాస్టళ్ల బోర్డుల మధ్య పళ్ల డాక్టర్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఇది నగరానికి దూరంగా ఉన్న గ్రామ పంచాయతీ. చుట్టూ ఐటీ కంపెనీలు రావడం, లాంకో హిల్స్ లాంటి టవర్లు లేవడం, 2018లో మున్సిపాలిటీ కావడం... అన్నీ చకచకా జరిగిపోయాయి. ఊరితోపాటు ఇంటి ఖర్చులూ మారాయి. పలువరస సరిచేయించడమంటే ఒకప్పుడు పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లకు, అదీ కలిగినవాళ్ల ఇళ్లలో. ఇప్పుడు ఏడో తరగతి పిల్లాడి నుంచి ముప్ఫై అయిదేళ్ల టీమ్ లీడర్ దాకా ఎవరు నవ్వినా తీగ మెరుస్తోంది.

డాక్టరు ముందు కూర్చున్నాక అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. 'ఎన్ని నెలలు పడుతుంది?', 'మొత్తం ఎంతవుతుంది?' మూడో ప్రశ్న అడిగేవాళ్లు అరుదు. 'ఏడాదిన్నర, రెండేళ్లు ఈ సామానంతా నోట్లో ఉంటే చిగుళ్ల సంగతేమిటి?' అన్నదే ఆ ప్రశ్న. డబ్బు సంగతి మొదటి రోజే తేలిపోతుంది. ఇది మాత్రం రోజూ రాత్రి వాష్‌బేసిన్ ముందు తేలాల్సిన వ్యవహారం.

క్లిప్పులు తమంతట తాము చిగుళ్లను పాడుచేయవు. చేసేది వాటి చాటున కాపురం పెట్టే సూక్ష్మజీవులు. మామూలు పన్ను నున్నగా ఉంటుంది. నాలుక తగులుతుంది, పెదవి రాసుకుంటుంది, లాలాజలం కడుగుతుంది, జామకాయ ముక్క నమిలితే కొంత పాచి దానంతటదే పోతుంది. అలాంటి పంటి మీద బ్రాకెట్ అతికించి, దాని మధ్యలోంచి తీగ లాగి, పైన చిన్న రబ్బరు చుట్టు బిగించారనుకోండి. నున్నటి గోడకు అరలు కట్టినట్లే! పైనా కిందా కలిపి ఇరవైకి పైగా పళ్లు, ఒక్కో బ్రాకెట్‌కూ నాలుగు పక్కలా మూలలు. అన్నం మెతుకు, బిస్కెట్ పొడి, మిక్చర్ కారం వెళ్లి ఆ మూలల్లో కూర్చుంటాయి. బ్రష్ పైపైన తిరిగి వచ్చేస్తుంది.

నిజానికి ఇప్పటి పిల్లలు అదృష్టవంతులే. వెనకటి రోజుల్లో ప్రతి పంటికీ చుట్టూ స్టీలు పట్టీ తొడిగేవారు. దాని అంచు చిగురులోకి గుచ్చుకునేది. పంటి పింగాణీని ఆమ్లంతో కొద్దిగా గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని 1955లో అమెరికాలో బ్యూనకోర్ కనిపెట్టాక, బ్రాకెట్‌ను నేరుగా పంటిమీదే అతికించే దారి దొరికింది. పట్టీలు ఇప్పటికీ చాలామందికి దవడ పళ్ల దగ్గర మాత్రం మిగిలాయి. బ్రష్ సరిగా చేరని చోటు కూడా అదే. చిగుళ్ల వాపు ఎక్కువగా అక్కడే కనిపించడంలో వింతేమీ లేదు.

రక్తం వస్తోందని ఆపేస్తే...

క్లిప్పులు వేసిన నెలా రెండు నెలలకు చాలా ఇళ్లలో ఒకే సంభాషణ వినిపిస్తుంది. 'నానమ్మా, బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోంది' అంటుంది మనవరాలు. 'అయితే రెండ్రోజులు ఆపెయ్ తల్లీ, ఉప్పునీళ్లు పుక్కిలించు చాలు' అంటుంది నానమ్మ. ప్రేమతో చెప్పిన మాటే. కానీ ఫలితం తలకిందులు.

ఎందుకో తెలియాలంటే డెన్మార్క్‌లో జరిగిన ఒక ప్రయోగం గుర్తుచేసుకోవాలి. 1965లో హారాల్డ్ లోయె, ఆయన సహచరులు ఆరోగ్యమైన చిగుళ్లున్న పన్నెండుమందిని ఎంచుకున్నారు. ఎక్కువమంది దంత వైద్య విద్యార్థులే. పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. పాచి పేరుకుంది. 10 నుంచి 21 రోజుల్లో పన్నెండుమందికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టమన్నారు. దాదాపు వారం రోజుల్లో చిగుళ్లు మామూలైపోయాయి. మందుల్లేవు, మాత్రల్లేవు. చిగుళ్ల వాపునకు కారణం పాచి అని, పాచి పోతే వాపూ పోతుందని అంత సూటిగా నిరూపించిన ప్రయోగం మరొకటి లేదనే చెప్పాలి. వాళ్లెవరి నోట్లోనూ తీగలు లేవన్నది గమనించండి. తీగలున్న నోట్లో ఆ పాచి పట్టడం సులువు, వదిలించడం కష్టం, అంతే తేడా.

కాబట్టి రక్తం వస్తోందంటే అక్కడ పాచి ఉందని చిగురు చెబుతున్నట్లు. మెత్తటి బ్రష్‌తో అక్కడే మరికాస్త ఓపిగ్గా తోమాలి. వారం పది రోజులు అలా చేసినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఉప్పునీళ్లు వద్దనడం లేదు, హాయిగా పుక్కిలించవచ్చు. తోమడానికి బదులుగా మాత్రం కాదు.

ఎదిగే వయసు పిల్లల్లో ఇంకో చిక్కుంది. ఆ వయసులో హార్మోన్ల వల్ల చిగుళ్లు కొద్ది పాచికే ఎక్కువగా ఉబ్బుతాయి. ఒక్కోసారి ఉబ్బిన చిగురు బ్రాకెట్ సగం వరకూ కమ్మేస్తుంది. కమ్మితే బ్రష్ చేరదు, బ్రష్ చేరకపోతే ఇంకా ఉబ్బుతుంది. కొందరికి నికెల్ పడకపోవడం వల్లా ఇలా అవుతుంది. స్టీలు తీగల్లోనూ, మొదట్లో వేసే సాగే గుణమున్న తీగల్లోనూ నికెల్ ఉంటుంది. గిల్టు నగ పెట్టుకుంటే చెవి తమ్మె పుండయ్యే అమ్మాయి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పడం మంచిది.

కల్లుముంత చుట్టం

పాచి అనగానే బాక్టీరియా గుర్తొస్తుంది. కానీ ఆ కాపురంలో ఇంకో జాతి అద్దెదారు కూడా ఉన్నాడు. వాడు ఈస్టు. కల్లు పులియడానికీ, రొట్టె పొంగడానికీ కారణమైన ఈస్టుకు దూరపు చుట్టం. పేరు కాండిడా. తెలుపు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిన ఈ పేరును 1923లో క్రిస్టీన్ బెర్ఖౌట్ అనే డచ్ శాస్త్రవేత్త పెట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఎంతోమంది నోళ్లలో ఇది ఏ గొడవా చేయకుండా బతుకుతుంటుంది. లాలాజలం, తోటి బాక్టీరియా, ఒంట్లోని రోగనిరోధక శక్తి మూడూ కలిసి దాన్ని హద్దులో ఉంచుతాయి.

క్లిప్పులు, ప్లేట్లు వచ్చాక దానికి తావు పెరుగుతుంది. దవడకు తగిలించి తీసేసే ప్లాస్టిక్ ప్లేటు వాడే పిల్లల మీద ఆరెన్‌డార్ఫ్, ఆడీ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1985లో వెలువడింది. ప్లేటు పెట్టకముందు, పెట్టుకున్నప్పుడు, తీసేశాక, మూడుసార్లూ నోట్లో ఈస్టును లెక్కగట్టారు. ప్లేటున్నంత కాలం ఎక్కువైంది. చికిత్స ముగిసి ప్లేటు పోయాక మళ్లీ పాత స్థితికి వచ్చింది. అతికించే క్లిప్పుల విషయంలో హాంకాంగ్ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనమూ అదే దారిలో నడిచింది. క్లిప్పులు వేశాక ఈస్టు పెరిగింది.

కంగారు పడక్కర్లేదు. ఈస్టు ఉండటం వేరు, ఈస్టు జబ్బు రావడం వేరు. క్లిప్పులు పెట్టుకున్న ఆరోగ్యమైన పిల్లల్లో ఎక్కువమందికి నోట్లో తెల్లపూత ఎప్పుడూ రాదు. మరి పట్టించుకోవడం ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, ఇది పళ్లు పుచ్చిపోయేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ బాక్టీరియాతో పొత్తు కడుతుంది. చక్కెర దొరికితే ఆ బాక్టీరియా తయారుచేసే జిగురు ఈస్టు ఒంటిని కప్పేస్తుంది. రెండూ కలిసి మందపాటి పాచిగా మారి మరింత ఆమ్లం వదులుతాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యున్ కూ బృందం 2014లో ఎలుకల మీద దీన్ని చూపించింది. రెండో కారణం, కొందరి ఒంట్లో ఆ మూడు కాపలాల్లో ఏదో ఒకటి బలహీనంగా ఉంటుంది.

అలాంటివాళ్లు ఎవరు? మధుమేహం అదుపులో లేనివాళ్లు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు కడుక్కోనివాళ్లు. ఈమధ్యే యాంటీబయాటిక్ కోర్సు వాడినవాళ్లు. నోరు ఎండిపోయే మందులు వేసుకునేవాళ్లు. వీళ్లు క్లిప్పులు వేయించుకోకూడదని కాదు. ముందే చెప్పాలి, ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి.

గుర్తుపట్టడం ఎలా? తుడిస్తే ఊడివచ్చే తెల్లని పూత, దాని కింద ఎర్రటి పచ్చి. ప్లేటు వాడేవాళ్లకైతే అంగిట్లో సరిగ్గా ప్లేటు ఆకారంలోనే ఎర్రటి మచ్చ, కారం తగిలితే మంట. ఇక మన ఇళ్లలో అందరూ పొరబడే గుర్తు ఒకటుంది. నోటి మూలలు పగలడం. 'బి విటమిన్ తక్కువైంది' అనేసి బి-కాంప్లెక్స్ సీసా తెచ్చేస్తారు. విటమిన్ లోపమూ కావచ్చు. కానీ అక్కడ ఈస్టు చేరినా అచ్చం అలాగే పగులుతుంది. మాత్రలు మింగినా పది రోజుల్లో మానకపోతే నోరు చూపించాలి. నాలుక మీద పొద్దున కనిపించే తెల్లని పాచి చాలాసార్లు ఉత్త పాచే, బద్ద పెట్టి గీస్తే పోతుంది. క్లిప్పులున్న పెద్దవాళ్లకు ఏ కారణమూ లేకుండా తెల్లపూత వస్తే నోటితోపాటు రక్తంలో చక్కెర కూడా పరీక్ష చేయించాలి. మధుమేహం అలా పంటి కుర్చీలో బయటపడటం వైద్యులకు కొత్త కాదు.

పూత తేలితే డాక్టరు పూసుకునే మందో, చప్పరించే మందో ఇస్తారు. సొంతంగా మందుల షాపులో అడిగి తెచ్చుకునే వ్యవహారం కాదిది. ఈస్టుకు ఇచ్చే నిస్టాటిన్, చిగుళ్లకు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ కలిపి వాడితే ఒకదాన్నొకటి పనిచేయనివ్వవు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత వారాల తరబడి సాగదీస్తే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి తప్పుతుంది. టూత్‌పేస్టు నురగ కూడా దాని పని చెడగొడుతుంది కాబట్టి తోమడానికీ దానికీ అరగంట ఎడముండాలి. అది కొద్దిరోజుల సాయమే. నువ్వుల నూనె పుక్కిలించే అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు గానీ, తీగ కింద ఇరుక్కున్న పాచిని నూనె లాగదు.

పెద్దల లెక్క వేరు

పిల్లల చిగుళ్లు ఉబ్బినా ఎక్కువసార్లు తిరిగి కుదురుకుంటాయి. క్లిప్పులు తీసిన కొద్ది వారాల్లో, కొన్ని నెలల్లో మామూలైపోతాయి. ముప్ఫై దాటాక క్లిప్పులు వేయించుకునేవారి సంగతి అలా కాదు. వాళ్లలో కొందరికి చిగుళ్ల జబ్బు అప్పటికే లోపల ఎముక దాకా దిగి ఉండవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. వాపున్న చిగుళ్లతో పళ్లను జరిపితే వాటిని పట్టుకున్న ఎముక ఇంకా తరిగిపోతుంది. అలా పోయిన ఎముక దానంతటదే తిరిగి రాదు. వరస చక్కబడి పళ్లు వదులైతే ఎవరికి లాభం?

అందుకే పెద్దవాళ్లకు మొదటి బ్రాకెట్ అతికించకముందే చిగుళ్ల పరీక్ష జరగాలి. గీతలున్న సన్నని పరికరంతో పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా ఉంటే మంచిదే. అంతకు మించి లోతుండి రక్తం చిమ్ముతుంటే ముందు ఆ జబ్బు నయం చేసి, అదుపులో ఉందని తేలాకే తీగ వేయాలి. జబ్బు అదుపులో ఉన్నవారికి క్లిప్పులు నిక్షేపంగా వేయవచ్చు. ఈ కొలత తీయకుండా, ఎక్స్‌రే చూడకుండా ఆఫర్ ధర చెప్పి అదే రోజు బ్రాకెట్లు అతికిస్తామనే చోట నుంచి మర్యాదగా లేచి రావడమే మేలు. రక్తపోటుకు అమ్లోడిపిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లు ఆ సంగతీ చెప్పాలి. ఆ మందులు కొందరిలో చిగుళ్లను పెంచుతాయి. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అక్కడా పలువరస సరిచేసే విభాగం పనిచేస్తోంది.

ఇక ఐటీ ఉద్యోగుల దినచర్య! పగలంతా ఏసీ గదిలో, మంచినీళ్లు తక్కువ, చక్కెర కాఫీ ఎక్కువ. రాత్రి అమెరికా వాళ్లతో కాల్. అది ముగిశాక పదకొండింటికి భోజనం, బిర్యానీయే కావచ్చు. అలాగే వెళ్లి పడక. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. తీగల్లో మెతుకులు, కడిగే నీరు లేని నోరు, ఏడు గంటల తీరిక... పాచికి ఇంతకన్నా మంచి షిఫ్టు ఉండదు. రోజుకు ఒక్కసారే శ్రద్ధగా తోమే ఓపిక ఉందనుకుంటే ఆ ఒక్కసారి రాత్రి పూటే కావాలి. కనిపించని ప్లాస్టిక్ అలైనర్లు వాడేవాళ్లకు తోముకోవడం తేలికే, చిగుళ్లూ మెరుగ్గా ఉంటాయి. అయితే వాటిని రోజుకు 22 గంటలు పెట్టుకోవాలంటారు. అవి పెట్టుకునే తీపి కాఫీ చప్పరిస్తే చక్కెరను పంటికి పట్టించి మూతపెట్టినట్లు. వాటితో మంచినీళ్లు తప్ప ఏదీ తాగకూడదు.

మాయని మచ్చ

చిగురు కుదురుకుంటుంది, ఈస్టు తగ్గిపోతుంది. కానీ పంటి మీద పడే సున్నపు మచ్చ అంత తేలిగ్గా పోదు. బ్రాకెట్ చుట్టూ, ముఖ్యంగా చిగురు వైపు పాచి వదిలే ఆమ్లం పింగాణీలోని ఖనిజాన్ని లాగేస్తుంది. శ్రద్ధ లేకపోతే నాలుగు వారాల్లోనే ఆ మార్పు కనిపించవచ్చు. క్లిప్పులు తీసేసిన రోజు వరస ముత్యాల్లా ఉండి, ప్రతి ముత్యం మీదా బ్రాకెట్ ఆకారంలో తెల్లని చట్రం మిగిలితే ఆ తల్లిదండ్రుల ముఖాలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నల్గొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఒక మాట. ఫ్లోరైడు నీటి వల్ల కొందరి పళ్ల మీద పుట్టుకతో వచ్చినట్లు తెల్లని, గోధుమరంగు మచ్చలుంటాయి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు తొలిసారి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. ఆ మచ్చలు రెండు వైపులా జంటగా ఉంటాయి, క్లిప్పులకు ముందే ఉంటాయి. కాబట్టి తీగ వేయకముందే పళ్ల ఫొటోలు తీయించుకుంటే తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో వాదన ఉండదు. ఇంకోటి. ఫ్లోరైడు పేరు వింటేనే భయపడి పిల్లలకు ఫ్లోరైడు లేని పేస్టు కొనే ఇళ్లు ఉన్నాయి. ఎదుటి పళ్ల పింగాణీ ఎనిమిదేళ్ల లోపే తయారైపోతుంది. పదమూడేళ్ల పిల్ల పేస్టుతో తోమి ఉమ్మేస్తే కొత్తగా ఫ్లోరోసిస్ రాదు. పైగా తీగలున్న పళ్లకు ఆ ఫ్లోరైడే కాపలా. పెట్టె మీద 1000 నుంచి 1500 పీపీఎం అని ఉన్న పేస్టు చాలు. తోమాక నీళ్లతో పదేపదే పుక్కిలించకుండా ఊరికే ఉమ్మేస్తే మరీ మంచిది.

తోమే పద్ధతి కొంచెం మారాలి. బ్రష్‌ను తీగకు పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి ఏటవాలుగా పెట్టాలి. చిగురు అంచును వదలకూడదు. బుడ్డి సీసా కడిగే బ్రష్ లాంటి చిట్టిది మందుల షాపుల్లో దొరుకుతుంది. దాన్ని తీగ కిందకు దూర్చి ఒక్కో బ్రాకెట్ పక్కనా తిప్పాలి. మొదటి వారం పావుగంట పట్టొచ్చు, అలవాటైతే అయిదారు నిమిషాలు. వేపపుల్ల తీగ కిందకు వెళ్లదు సరికదా బ్రాకెట్‌ను ఊడగొడుతుంది. సకినాలు, జంతికలు, మొక్కజొన్న పొత్తు కూడా ఆ పనే చేస్తాయి. చిక్కీ, నువ్వుల ఉండలైతే ఊడగొట్టడమే కాదు, అతుక్కుని కూర్చుంటాయి.

క్లిప్పులు తీసేశాక పళ్లు వెనక్కి జరక్కుండా రిటైనర్ ఇస్తారు. ఈస్టు కథ మళ్లీ మొదలయ్యేది ఇక్కడే. చాలామంది దాన్ని రాత్రి పెట్టుకుని, పొద్దున నీళ్లకింద ఒకసారి చూపించి పెట్టెలో పడేస్తారు. మెత్తటి బ్రష్‌తో, కాస్త సబ్బు నీటితో రోజూ రుద్ది కడగాలి. మరిగే నీళ్లు పోస్తే వంకర పోతుంది. పెట్టెను కూడా కడిగి ఆరబెట్టాలి. మూత పెట్టిన తడి పెట్టెలో ఈస్టు హాయిగా పెరుగుతుంది. పగిలినా, గరుకెక్కినా మార్పించాలి. అన్నట్లు, భోజనానికి కూర్చునేటప్పుడు దాన్ని తీసి పేపర్ నాప్కిన్‌లో చుట్టి పక్కన పెట్టొద్దు. పెళ్లిళ్లలో ఎంగిలి విస్తరితోపాటు చెత్తబుట్టలోకి వెళ్లిపోయిన రిటైనర్ల కథలు ఏ పళ్ల డాక్టరును కదిపినా చెబుతారు.